తాకకుండానే కరెంటు లెక్క!

పాలయితే లీటరు గ్లాసుతో కొలుస్తాం. బియ్యమైతే కాటా మీద తూస్తాం. బట్ట అయితే మీటరు బద్ద ఉండనే ఉంది. మరి కరెంటో? కంటికి కనిపించదు. వాసన రాదు. చప్పుడు చేయదు. పోనీ తాకి చూద్దామంటే ప్రాణం మీదికొస్తుంది. అయినా సరే... నెల తిరిగేసరికి 'మీరు వాడింది ఇన్ని యూనిట్లు' అంటూ బిల్లు వచ్చేస్తుంది. పొలంలో మోటారు ఎక్కువ కరెంటు లాగితే స్టార్టరు దానంతటదే పడిపోతుంది. జేబులో ఫోను 'ఇంకా 37 శాతమే చార్జింగ్ ఉంది' అని హెచ్చరిస్తుంది. గీజరులో లీకేజీ ఉంటే ఇంట్లోవాళ్లకు షాకు తగలకముందే మీట టక్కున కిందికి పడుతుంది.

వీటన్నిటి వెనకా ఉన్నది ఒకటే పని: తీగలో పారే కరెంటును పసిగట్టడం. ఆ పని చేసే పరికరాలే కరెంటు సెన్సర్లు. గోరంత ఉండేవి కొన్ని, సబ్‌స్టేషన్లో నిలువెత్తున నిలబడేవి కొన్ని. ఒక్కోదానిదీ ఒక్కో తీరు.

ఆంపియర్ అంటే ఎంత?

తీగలో కరెంటు పారడమంటే ఎలక్ట్రాన్లు కదలడమే. ఒక సెకనులో ఎన్ని ఎలక్ట్రాన్లు దాటిపోయాయన్నదే లెక్క. 'ఒక ఆంపియర్' అంటే సెకనుకు సుమారు 62,400 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు... అనుకుంటే బుర్ర తిరుగుతుంది. 6 పక్కన 18 సున్నాలు పెడితే దాదాపు సరిపోతుంది. మన ఇంట్లో సీలింగ్ ఫ్యాను తిరగాలంటే ఇందులో మూడో వంతు కరెంటు చాలు. రెండు కిలోవాట్ల గీజరుకైతే 9 ఆంపియర్ల దాకా కావాలి.

ఇన్ని ఎలక్ట్రాన్లు పోతున్నాయంటే అవి మెరుపు వేగంతో పరుగెడుతుంటాయనుకుంటాం. నిజానికి ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి తీగలో బ్యాటరీ నుంచి ఒక ఆంపియర్ కరెంటు పోతుంటే, ఎలక్ట్రాన్లు గంటకు జానెడు దూరం మాత్రమే జరుగుతాయి! అయినా స్విచ్ వేయగానే బల్బు వెలుగుతుంది. ఎందుకంటే గొట్టం నిండా నీళ్లున్నప్పుడు ఇటు నెడితే అటు చివర వెంటనే కారినట్లు, తీగ నిండా ఎలక్ట్రాన్లు ముందే ఉన్నాయి.

వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం కుదిరే పనేనా? కాదు. అందుకే శాస్త్రవేత్తలు తెలివిగా ఆలోచించారు. కరెంటు కనిపించకపోయినా అది వెళ్లిన దారిలో మూడు గుర్తులు వదులుతుంది. ఒకటి వేడి. రెండోది తీగ చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రం. మూడోది, అడ్డు తగిలిన చోట కాస్త ఓల్టేజీ తగ్గడం. అడుగుజాడలు చూసి దొంగను పట్టుకున్నట్లు ఈ గుర్తులను పట్టుకుని కరెంటు లెక్క తేలుస్తారు.

ఒళ్లే మీటరు!

ఈ గుర్తుల సంగతి తెలియని రోజుల్లో ఏం చేసేవారు? ఇంగ్లండుకు చెందిన హెన్రీ కావెండిష్ 1770లలో తన ఒంటినే మీటరుగా చేసుకున్నాడు. రెండు ద్రావణాల్లో ఏది కరెంటును బాగా పోనిస్తుందో తెలుసుకోవడానికి వాటి గుండా వచ్చే షాకును స్వయంగా తీసుకునేవాడు. దేని షాకు గట్టిగా తగిలిందో చూసుకుని కాగితం మీద రాసుకునేవాడు. ఆ లెక్కలను దాదాపు వందేళ్ల తర్వాత, 1879లో జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ ప్రచురించాడు. అప్పుడుగానీ కావెండిష్ ఎంత కచ్చితంగా కొలిచాడో లోకానికి తెలియలేదు. ఆశ్చర్యపోవాల్సిన విషయమే కానీ అనుకరించాల్సింది మాత్రం కాదు!

అసలు మలుపు 1820లో వచ్చింది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో హాన్స్ క్రిస్టియన్ ఆయర్‌స్టెడ్ అనే ఆచార్యుడు పాఠం చెబుతూ తీగలోకి కరెంటు పంపాడు. పక్కనే ఉన్న దిక్సూచి ముల్లు కదిలింది. అంటే... కరెంటు పారే తీగ అయస్కాంతంలా పనిచేస్తోందన్నమాట. ఆ వార్త విన్న కొద్ది వారాలకే ఫ్రాన్స్‌లో ఆంద్రే మారీ ఆంపియర్, కరెంటు పారే రెండు తీగలు ఒకదాన్నొకటి లాక్కుంటాయనీ నెట్టుకుంటాయనీ చూపించాడు. కరెంటు కొలతకు ఆయన పేరే పెట్టారు. జర్మనీలో యోహాన్ ష్వైగర్ అదే ఏడాది ముల్లు చుట్టూ తీగను చాలా చుట్లు చుట్టాడు. ఒక్క తీగ చేసే పనిని నూరు చుట్లు నూరింతలు చేస్తాయి కదా! అదే గాల్వనోమీటరు. ఈనాటికీ ఇంటర్మీడియట్ ల్యాబుల్లో పిల్లలు వాడేది దాని వంశంలోదే.

ఈ చిన్న ముల్లు ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగ చివర మిణుకుమనే కరెంటును చదవడానికి విలియం థామ్సన్ ముల్లు బదులు చిన్న అద్దం వాడాడు. అద్దం రవ్వంత కదిలినా దాని మీద పడిన వెలుగు గోడ మీద బారెడు జరిగేది. 1901లో నెదర్లాండ్స్‌కు చెందిన విలెమ్ ఐంథోవెన్ సన్నటి తీగతో చేసిన గాల్వనోమీటరును గుండె దగ్గరికి తీసుకెళ్లాడు. రోగి చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల బకెట్లలో పెట్టి కూర్చుంటే, గుండె పుట్టించే అతి స్వల్పమైన కరెంటు గీతలుగా పడేది. ఆ యంత్రం బరువు సుమారు 270 కిలోలు. ఇప్పుడు ప్రతి ఆసుపత్రిలోనూ తీసే ఈసీజీకి అదే మూలం. ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

బిల్లు కోసం జింకు పలకలు

కరెంటు ఇళ్లకు చేరాక కొత్త చిక్కు వచ్చింది. అమ్మిన సరుకును కొలవకపోతే డబ్బులెలా వసూలు చేస్తారు? 1882లో న్యూయార్క్‌లో కరెంటు అమ్మడం మొదలుపెట్టిన థామస్ ఎడిసన్ దీనికో చిత్రమైన ఉపాయం చేశాడు. వాడకందారు ఇంట్లో ఓ సీసా, అందులో జింకు ద్రావణం, రెండు జింకు పలకలు. ఇంటికి వెళ్లే కరెంటులో కొద్ది భాగం ఆ సీసా గుండా పోయేది. కరెంటు పోయేకొద్దీ ఒక పలక కరిగి రెండో పలకకు అంటుకునేది. నెలకోసారి మనిషి వచ్చి పలకలు పట్టుకెళ్లి తూకం వేసేవాడు. ఎన్ని గ్రాములు మారితే అంత బిల్లు! చలికాలంలో ద్రావణం గడ్డకట్టకుండా పెట్టెలో ఓ బల్బు కూడా పెట్టేవారు.

ఏసీ కరెంటు వచ్చాక ఈ సీసాలు పనికిరాలేదు. సెకనులో చాలాసార్లు దిక్కు మార్చుకునే కరెంటుతో పలక ఇటు కరిగినంతా అటు చేరిపోతుంది. 1889లో హంగరీకి చెందిన ఓటో బ్లాతి చక్రం తిరిగే మీటరును రూపొందించాడు. నలభయ్యేళ్లు దాటినవాళ్లెవరైనా దాన్ని మరచిపోలేరు. గాజు వెనక గిర్రున తిరిగే అల్యూమినియం చక్రం, దాని అంచున ఎర్రటి గుర్తు. ఇస్త్రీపెట్టె పెడితే పరుగందుకునేది. అన్నీ ఆపేస్తే నిలబడిపోయేది. ఎన్ని ఇళ్లలో నాన్నలు ఆ చక్రం వేగం చూసి 'ఎవర్రా ఫ్యాను ఆపకుండా వచ్చింది' అని కేకలేశారో!

ఆ చక్రానికి మోటారు లేదు. ఒక పక్క ఓల్టేజీ తీగచుట్ట, మరో పక్క ఇంటి కరెంటు పోయే తీగచుట్ట. రెండింటి అయస్కాంత క్షేత్రాలూ కలిసి చక్రాన్ని నెట్టేవి. పక్కనున్న శాశ్వత అయస్కాంతం బ్రేకు వేసేది. నెట్టే బలమూ ఆపే బలమూ సమానమైన చోట చక్రం వేగం కచ్చితంగా మనం వాడే విద్యుత్తుకు తగ్గట్టు ఉండేది.

మీటరు లోపల ఏముంది?

ఇప్పుడు గోడకున్న ఎలక్ట్రానిక్ మీటర్లో చక్రం లేదు. ఎర్రలైటు మాత్రం మిణుకుమిణుకుమంటుంది. లోపల కరెంటును కొలిచేది చాలా మీటర్లలో వేలెడంత లోహపు ముక్క. దాని పేరు షంట్. ఇంట్లోకొచ్చే కరెంటంతా దాని గుండానే పోతుంది. పోతూ పోతూ ఆ ముక్క రెండు కొసల మధ్య కాస్త ఓల్టేజీని వదులుతుంది. పదో తరగతిలో చదువుకున్న ఓమ్ సూత్రమే ఇది. ఓల్టేజీ తెలిస్తే, లోహపు ముక్క నిరోధం ముందే తెలుసు కాబట్టి, కరెంటెంతో తెలిసిపోతుంది.

మరి మామూలు రాగి ముక్క పెట్టొచ్చుగా? కుదరదు. రాగి 10 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం దాదాపు 4 శాతం పెరుగుతుంది. రోహిణి కార్తె ఎండలో మీటరు పెట్టె ఎంత కాగుతుందో తెలిసిందే. సంక్రాంతి చలిలో ఒక రీడింగు, మే నెలలో ఒక రీడింగు వస్తే బిల్లు ఎవరు నమ్ముతారు? అందుకే రాగి, మాంగనీసు, కాస్త నికెల్ కలిపిన 'మాంగనిన్' అనే మిశ్రమలోహం వాడతారు. ఎండైనా చలైనా దాని నిరోధం దాదాపు మారదు. ఫోనులో చార్జింగ్ శాతం చెప్పేది కూడా ఇలాంటిదే... కాకపోతే నువ్వుగింజంత.

షంట్ చవక, కచ్చితం. కానీ రెండు లోపాలున్నాయి. కరెంటు పెరిగేకొద్దీ వేడెక్కుతుంది. పైగా అది కరెంటు పోయే దారిలోనే ఉంటుంది కాబట్టి, కొలిచే పరికరానికి కూడా 230 ఓల్టుల ప్రమాదం అంటుకునే ఉంటుంది. ఇంటికి సరే. లక్షల ఓల్టుల లైన్ల దగ్గర ఇది నడవదు.

మన మీటర్లలో మరో విశేషం ఉంది. ఫేజు తీగలో వెళ్లిన కరెంటునీ, న్యూట్రల్లో తిరిగొచ్చిన కరెంటునీ వేర్వేరుగా కొలుస్తాయి. సాధారణంగా ఒకదానికి షంట్, రెండోదానికి తీగచుట్టతో చేసిన సెన్సరు. రెండు లెక్కలూ కలవకపోతే ఎక్కడో కరెంటు దారి మళ్లుతోందని మీటరు గుర్తుపెట్టుకుంటుంది. మీటరు మీద అయస్కాంతం పెట్టి మోసం చేద్దామనుకునేవారి ఆటలూ ఇప్పుడు సాగడం కష్టం. షంట్‌ను అయస్కాంతం ఏమీ చేయలేదు. పైగా 'ఫలానా రోజు, ఫలానా వేళ అయస్కాంతం పెట్టారు' అని మీటరే నమోదు చేసుకుంటుంది. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ ప్రకారం కరెంటు చౌర్యానికి మూడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు.

తీగను కోయకుండా...

ఎలక్ట్రీషియన్ చేతిలో ఎండ్రకాయ కొండిలాంటి పరికరం చూసే ఉంటారు. నోరు తెరిచి తీగ చుట్టూ మూయగానే అంకె కనిపిస్తుంది. తీగ కోయనక్కర్లేదు. రాగి కనిపించేలా తొడుగు తీయనక్కర్లేదు. మెకానిక్కులు దాన్ని 'టాంగ్ టెస్టర్' అంటారు. ఆ కొండి లోపల ఇనుప రింగు, దాని చుట్టూ తీగచుట్ట ఉంటాయి. తీగలో ఏసీ కరెంటు పోతుంటే దాని అయస్కాంత క్షేత్రం సెకనుకు 50 ఆవృత్తులు మారుతుంది. ఆ మార్పు తీగచుట్టలో చిన్న కరెంటును పుట్టిస్తుంది. అసలు కరెంటుకు అది అచ్చుగుద్దిన నకలే, కాకపోతే వెయ్యో వంతో, రెండువేలో వంతో. ఇదే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్. అందరూ 'సీటీ' అంటారు.

టాంగ్ టెస్టర్‌తో చాలామంది చేసే పొరపాటొకటుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిసున్న వైరును కొండిలో పెడతారు. మీటరు సున్నా చూపిస్తుంది. 'పాడైపోయింది' అనుకుంటారు. అది పాడవలేదు. వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. అందుకే ఒక్క తీగనే పట్టాలి. ఈ 'కొట్టేసుకోవడం' అనే మాట గుర్తుంచుకోండి. ప్రాణాలు కాపాడేది అదే.

కరెంటు మరీ తక్కువైతే ఇంకో చిట్కా ఉంది. ఆ ఒక్క తీగనే కొండి చుట్టూ పది చుట్లు తిప్పితే రీడింగు పదింతలు కనిపిస్తుంది. వచ్చిన అంకెను పదితో భాగిస్తే సరి.

సబ్‌స్టేషన్లలో పింగాణీ తొడుగుతో నిలువెత్తున కనిపించేవాటిలో సీటీలూ ఉంటాయి. వందల ఆంపియర్ల కరెంటును ఒక ఆంపియరుకో, 5 ఆంపియర్లకో కుదించి కంట్రోల్ రూముకు పంపుతాయి. లక్షల ఓల్టులున్న తీగకూ, మనిషి కూర్చున్న గదిలోని మీటరుకూ మధ్య నేరుగా లంకె ఉండదు. అదే దీని గొప్ప. కానీ దాంతో ఒక పేచీ ఉంది. లైన్లో కరెంటు పోతుండగా సీటీ రెండో వైపు తీగను విప్పితే అక్కడ వేల ఓల్టులు పుట్టి మనిషినే బలిగొనగలదు. అందుకే 'సీటీ కొసలు తెరిచి ఉంచొద్దు' అన్నది లైన్‌మన్లకు మొదట నేర్పే పాఠాల్లో ఒకటి.

మోటారును కాపాడే వంగే పట్టీ

పొలంలో మోటారు కాలితే రైతుకు తెలుసు ఆ బాధేంటో. మోటారు బయటికి తీయాలి, బండికెత్తి పట్నం తీసుకెళ్లాలి, వైండింగ్ చేయించాలి. ఈలోగా పైరు ఎండుతుంటుంది. మోటార్లు కాలడానికి పెద్ద కారణం మూడు ఫేజుల్లో ఒకటి పోవడం. 5 హెచ్‌పీ మోటారు మామూలుగా ఒక్కో ఫేజులో 7 నుంచి 8 ఆంపియర్లు తీసుకుంటుంది. ఒక ఫేజు పోతే ఆ భారమంతా మిగిలిన రెండింటి మీద పడి కరెంటు సుమారు 1.7 రెట్లు అవుతుంది. వేడి కరెంటుతోపాటు కాదు, దాని వర్గంతో పెరుగుతుంది. అంటే దాదాపు మూడింతల వేడి! వైండింగ్ మీది వార్నిష్ మాడిపోతుంది.

స్టార్టర్లోని ఓవర్‌లోడ్ రిలే దీన్ని ఎలా కనిపెడుతుంది? అందులో చిప్పుల్లేవు, సర్క్యూట్లు లేవు. రెండు వేర్వేరు లోహాలను అతికించిన పట్టీలు ఉంటాయి. కరెంటు ఎక్కువైతే వేడెక్కుతాయి. ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ సాగుతుంది. పట్టీ వంగి మీటను నెడుతుంది. స్టార్టరు పడిపోతుంది. మోటారు మొదలైనప్పుడు కొద్ది సెకన్లు ఐదారు రెట్లు కరెంటు లాగినా ఇది పడదు. పట్టీ వేడెక్కేలోగా మోటారు వేగం అందుకుంటుంది కదా! అందుకే రిలే మీదుండే అంకెను మోటారు పేరుపలక మీదున్న ఆంపియర్లకు సరిగ్గా పెట్టుకోవాలి. 'మాటిమాటికీ పడిపోతోంది' అని దాన్ని పెంచేసినా, మధ్యలో తీగ వేసి కలిపేసినా కాపలా కుక్క మూతి కట్టేసినట్లే.

బంగారు రేకు చెప్పిన రహస్యం

సీటీకి ఒక లోటుంది. మారే కరెంటునే పట్టుకోగలదు. బ్యాటరీ నుంచీ సోలార్ పలక నుంచీ వచ్చే డీసీ కరెంటు మారదు. మరి ఎలక్ట్రిక్ స్కూటర్లో, ఇన్వర్టర్లో ఏం చేయాలి?

దీనికి జవాబు ఎలక్ట్రిక్ స్కూటర్ పుట్టకముందే దొరికింది. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హాల్ అనే పరిశోధక విద్యార్థి పల్చటి బంగారు రేకులోకి కరెంటు పంపి, దాన్ని అయస్కాంతం మధ్య పెట్టాడు. రేకు అంచుల మధ్య అడ్డంగా చిన్న ఓల్టేజీ కనిపించింది. నదిలో ఈదేవాణ్ని ఈదురుగాలి ఒడ్డుకు నెట్టినట్లు, అయస్కాంతం కరెంటును ఓ పక్కకు నెట్టిందన్నమాట. ఎలక్ట్రాన్ అనేదొకటి ఉందని లోకానికి తెలిసింది 1897లో. అంటే నెట్టబడేది ఏమిటో తెలియకముందే హాల్ ఆ నెట్టుడును కొలిచేశాడు!

ఇప్పుడు బంగారం బదులు అర్ధవాహక చిప్పు వాడతారు. తీగ చుట్టూ అయస్కాంత పదార్థంతో చేసిన రింగు పెట్టి, దానికి చిన్న గండి కొట్టి, ఆ గండిలో చిప్పును కూర్చోబెడతారు. ఏసీ అయినా డీసీ అయినా పట్టేస్తుంది. ఆ రింగు ఎందుకంటే... ఒక ఆంపియర్ పారే తీగకు సెంటీమీటరు దూరంలో ఉండే అయస్కాంత బలం, భూమి అయస్కాంత బలంలో సగమే. రింగు లేకపోతే చిప్పు కరెంటును చూస్తోందో భూమిని చూస్తోందో తేలదు.

ఇంకా కచ్చితత్వం కావాలంటే తక్కెడ ఉపాయం ఉంది. రింగుకు మరో తీగచుట్ట చుట్టి, అందులోకి ఎదురు కరెంటు పంపుతారు. చిప్పు దగ్గర అయస్కాంత బలం సున్నా అయ్యేదాకా పంపుతూనే ఉంటారు. రెండు పళ్లేలూ సమానమయ్యాక ఎన్ని రాళ్లు వేశామో చూసుకుంటే బరువు తెలిసినట్లే, ఎంత ఎదురు కరెంటు పంపామో చూస్తే అసలు కరెంటు తెలుస్తుంది. స్కూటర్ 'ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్లొచ్చు' అని చెప్పడానికి ఇలాంటి లెక్కలే ఆధారం. సెన్సరులో పది వంతుల్లో ఒక వంతు ఆంపియర్ తేడా ఉన్నా, ఒక్కరోజులో అది 2.4 ఆంపియర్-గంటలుగా పేరుకుంటుంది. దారి మధ్యలో బండి ఆగిపోవడానికి ఆ మాత్రం చాలదూ!

తాడులా చుట్టి... వెలుగుతో చూసి...

మరీ పెద్ద కరెంట్లుంటాయి. పిడుగు పడినప్పుడు వేల ఆంపియర్లు. అల్యూమినియం కరిగించే పెద్ద కర్మాగారాల్లో లక్షల ఆంపియర్లు. ఇంత కరెంటుకు ఇనుప రింగు నిండిపోతుంది, అంటే ఇంకెంత పెరిగినా తేడా చూపలేదు. 1912లో జర్మనీకి చెందిన వాల్టర్ రొగోవ్‌స్కీ పేరు మీద ప్రసిద్ధమైన తీగచుట్టలో ఇనుమే ఉండదు. మెత్తటి తాడులాంటి గొట్టం మీద తీగ చుట్టి ఉంటుంది. ఎంత లావు తీగకైనా, ఏ వంకర చోటుకైనా తాడులా చుట్టేయొచ్చు. ఫ్రాన్స్‌లో భారత్ సహా పలు దేశాలు కలిసి కడుతున్న ఐటర్ కేంద్రక సంలీన యంత్రంలో ప్లాస్మా కరెంటు 1.5 కోట్ల ఆంపియర్లకు చేరాలన్నది లక్ష్యం. అలాంటి చోట్ల కొలతకు ఇలాంటి తీగచుట్టలే దిక్కు. అయితే ఇవీ మారే కరెంటునే చూస్తాయి.

మారని కరెంటు లక్షల్లో ఉంటే? అక్కడికి వెలుగు వస్తుంది. అయస్కాంతం పక్కనుంచి వెళ్లే కాంతి ధ్రువణ దిశ కొద్దిగా తిరుగుతుందని మైకేల్ ఫారడే 1845లోనే చూపాడు. కరెంటు పోయే లోహపు కడ్డీ చుట్టూ గాజు తంతువు చుట్టి, అందులోంచి లేజర్ కాంతి పంపి, అది ఎంత తిరిగిందో చూస్తే కరెంటెంతో తెలుస్తుంది. గాజులో విద్యుత్తు పారదు కాబట్టి భయమూ లేదు.

మనిషికి తగిలితే ఎంత?

ఇంతకీ ఇవన్నీ మన ఇంటికి ఎందుకు? ఒక చిన్న లెక్క చూద్దాం. తడి చేతితో ఫేజును తాకిన మనిషి గుండా 0.1 నుంచి 0.2 ఆంపియర్ల దాకా కరెంటు పోవచ్చు. గుండె లయ తప్పించడానికి అందులో సగం కూడా చాలు. మరి ఇంట్లో ఎంసీబీ ఉందిగా, అది పడిపోదా? పడదు. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 ఆంపియర్లు దాటితేనే పట్టించుకుంటుంది. దానికి షాకు తగిలిన మనిషి ఒక సీలింగ్ ఫ్యాను కన్నా చిన్న లోడు. ఎంసీబీ కాపాడేది వైరింగును. మనిషిని కాదు.

అమెరికాలోని బర్క్‌లీలో చార్లెస్ డాల్జియల్ అనే ఆచార్యుడు ఈ ప్రశ్న మీదే ఏళ్ల తరబడి పనిచేశాడు. స్వచ్ఛందంగా వచ్చినవారికి వైద్యుల పర్యవేక్షణలో స్వల్ప కరెంటు ఇచ్చి, ఎంత దాకా తీగను వదలగలరో పరీక్షించాడు. సగటున మగవారికి 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవారికి 10.5 మిల్లీ ఆంపియర్లు. అంతకుమించితే కండరాలు బిగుసుకుపోయి, వదలాలనుకున్నా చెయ్యి వదలదు. 'కరెంటు పట్టేసింది' అని మనవాళ్లు అనేది ఇదే. కరెంటు పట్టుకోలేదు... మన చెయ్యే దాన్ని పట్టుకుంది. ఆయన 1961లో అమెరికా ఇళ్ల కోసం తయారుచేసిన పరికరం 5 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసేది.

మన దగ్గర ఆ పని చేసేది ఆర్‌సీసీబీ. టాంగ్ టెస్టర్‌లో ఫేజు, న్యూట్రల్ రెండూ పెడితే సున్నా వచ్చిందని చెప్పుకున్నాం కదా! ఇందులో కావాలనే రెండింటినీ ఒకే రింగులోంచి పంపుతారు. వెళ్లిందంతా తిరిగొస్తే సున్నా. ఎంసీబీ చూడలేని ఆ కొద్దిపాటి కరెంటు మనిషి ఒంట్లోంచి నేలలోకి పోతే, తిరిగొచ్చేది అంతమేర తగ్గుతుంది. 'పది రూపాయలిచ్చి పంపితే తొమ్మిదే వచ్చాయేం' అన్నట్లు రింగు ఆ తేడాను పట్టేస్తుంది. ఇళ్లలో వాడే రకం తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే, సెకనులో మూడో వంతు కన్నా తక్కువ సమయంలో కరెంటు ఆపేస్తుంది. షాకు తగలకుండా చేయలేదు, చిన్న జలదరింపు ఉంటుంది. కానీ ప్రాణం నిలుస్తుంది.

వానాకాలంలో వచ్చే విషాద వార్తలు ఒకసారి గుర్తుచేసుకోండి. బట్టలు ఆరేసే ఇనుప దండెంలోకి కరెంటు పాకి ఇల్లాలు... ఆమెను విడిపించబోయి భర్త... వేసవిలో కూలరులో నీళ్లు పోస్తూ పిల్లవాడు... వీటిలో చాలావాటిని అరచేతిలో పట్టే ఆ పరికరం ఆపగలదు.

ఇంట్లో ఇవి చూసుకోండి

* మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందా? దాని మీద 30 ఎంఏ అని రాసుండాలి. పక్కనే 'టి' అనే మీట ఉంటుంది. నెలకోసారి నొక్కండి. వెంటనే కరెంటు పోవాలి. పోకపోతే అది అలంకారమే, మార్పించండి.

* ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంటే దాన్ని తీసేయించకండి. ఎక్కడో లీకేజీ ఉందని అది చెబుతోంది. గీజరు, వాషింగ్ మిషన్, నీళ్ల మోటారు ఒక్కొక్కటే ఆపి చూస్తే దొంగ దొరుకుతుంది.

* ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీకి కూడా తేడా కనిపించకపోవచ్చు. మనిషి కూడా దానికి ఒక బల్బులాగే అనిపిస్తాడు. కాబట్టి అది ఉంది కదా అని ధీమా వద్దు. ఎర్తింగ్, ఎంసీబీ కూడా ఉండాల్సిందే.

* బట్టలు ఆరేయడానికి ఇనుప తీగ బదులు నైలాన్ తాడు కట్టండి.

* ఎవరికైనా షాకు కొడితే ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి.

* మీటరు మీద ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసుంటుంది. అది 3200 అయితే, నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి దాదాపు 19తో హెచ్చించండి. ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు వాడుతోందో తెలుస్తుంది. నిమిషానికి 53 మిణుకులంటే ఒక కిలోవాటు. అన్నీ ఆపేశాక కూడా మిణుకుతుంటే ఏదో పరికరం తెలియకుండా కరెంటు తాగుతున్నట్లు. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

ఆ చివరి లెక్క పిల్లల చేత చేయించండి. ఈ ఆదివారం ఏసీ వేసి ఒకసారి, ఆపి ఒకసారి మిణుకులు లెక్కపెట్టమనండి. వచ్చే నెల బిల్లు చూసి 'ఇంతెందుకొచ్చింది' అని మీరు అడగక్కర్లేదు... జవాబు వాళ్లే చెబుతారు!